డీకను ముక్కుమీద టెలిఫోను

11

"తలుపు నువ్వు కొడతావా అక్కా, నన్ను కొట్టమంటావా? ఆరున్నర దాటితే అల్మరా బందులమ్మేవాడు ఫోన్లో దొరకడు నాకు."

రోడ్డు పక్కన టెలిఫోను గది ముందు నిలబడి అడిగాడు రోమన్. టోపీ వెనక్కి తోసుకుని, రెండు బొటనవేళ్ళూ ప్యాంటు పట్టీల్లోకి దూర్చుకుని, పొద్దున్నే తనకోసం ఎవరో వేడుక ఏర్పాటు చేసినంత సంతోషంగా ఉన్నాడు.

ఓర్ఫా తమ్ముణ్ణి పక్కకి తప్పుకోమని మోచేత్తో నెట్టింది. ఒక చేతిలో కాఫీ కూజా, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకుని ఇంటి దగ్గర్నుంచి రెండు వందల గజాలు నడిచొచ్చింది. మూడు రోజులుగా పొద్దున్నే ఇదే పని. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఒళ్ళు మాత్రం కోపంతో వెచ్చగానే ఉంది.

గది అని పేరేగాని అది నాలుగు కుటుంబాలవాళ్ళు కలిసి కొట్టుకున్న చెక్క డబ్బా. ఒక మనిషి నిలబడి మాట్లాడటానికి, మరీ పెద్ద కబురైతే కూర్చుని ఏడవటానికి సరిపోతుంది. అందులో పడుకుంటారని కట్టినవాళ్ళెవరూ అనుకోలేదు.

లోపల్నుంచి సన్నగా గాలి ఊదుతున్న చప్పుడు వచ్చే వేళ అది. ఇవాళ ఆ చప్పుడు లేదు. ఓర్ఫా పళ్ళెం తమ్ముడి చేతిలోకి తోసి గబుక్కున తలుపు లాగింది.

ఆట్లీ మడత కుర్చీలో కూర్చుని, కళ్ళు రెండూ తెరుచుకుని, టెలిఫోను వంక చూస్తున్నాడు. నెరిసిన గడ్డం ఒక పక్కకి నలిగిపోయి ఉంది. చెంపలమీద ముసుగు పట్టీల గుర్తులు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఒళ్ళో ఊపిరి ఊదే కొత్త యంత్రం, కాళ్ళ దగ్గర పిల్లలు ఆడుకునే చక్రాల బండి, ఆ బండిలో బ్యాటరీ.

"బ్యాటరీ ఎప్పుడు పోయింది?" అంది ఓర్ఫా.

"రెండింటికి."

"అప్పట్నుంచీ ఇలాగే కూర్చున్నావా?"

"నిద్రపోతే ఊపిరి ఆగుతుంది కదా. మేలుకుని ఉంటే అదే ఆడుతుంది" అన్నాడు ఆట్లీ, ఇంతకన్నా తేలికైన సంగతి లోకంలో లేదన్నట్టు.

రోమన్ అక్క భుజం మీదుగా తొంగి చూశాడు. "శుభోదయం బావా! ఫోను చేసుకోవచ్చా, నువ్వింకా మాట్లాడుతున్నావా?"

"ఒరేయ్, నోరు ముయ్యి" అంది ఓర్ఫా.

"నేను మూస్తానక్కా. బావ పెట్టె నోరు ఎవరు మూస్తారు? అది రోజూ పొద్దున్నే మిల్లర్స్‌బర్గ్ దాకా కబుర్లు మోసేస్తోందటగా!"

కరెంటూ ఫోనూ గడప దాటి రానివ్వని ఆ క్రైస్తవ సంఘానికి ఆట్లీ రేబర్ డీకను, అంటే కట్టుబాట్లు చూసే పెద్ద. ఎవరైనా కట్టు తప్పితే బిషప్ ఆయన్నే పంపిస్తాడు. ఆయన బగ్గీ ముంగిట్లో ఆగిందంటే ఇంటిల్లిపాదీ తమ తప్పుల్ని తలుచుకోవడం మొదలుపెడతారు. ఆ పని ఆయన కోరి తెచ్చుకోలేదు. పద్నాలుగేళ్ళ కింద, డీకనుని ఎంచుకోడానికి పుస్తకాల్లో దాచే చీటీ ఆయన తీసిన కీర్తనల పుస్తకంలో వచ్చింది, అంతే. వచ్చాక మాత్రం ఒక్కరికీ మినహాయింపు ఇవ్వలేదు, భార్య తమ్ముడితో సహా.

ఏప్రిల్లో ఆ బగ్గీ రోమన్ అల్మరాల షాపు ముందు ఆగింది. షాపులో బల్లమీద దర్జాగా కూర్చున్న టెలిఫోన్ని ఊడదీయించి, సంఘం ఒప్పుకున్న చోటుకి, అంటే రోడ్డు పక్కన ఈ డబ్బాలోకి, పంపించింది ఆట్లీయే. అప్పట్నుంచీ బావా బావమరుదుల మధ్య "వానొచ్చేట్టుందా" అన్నదానికి మించి మాటల్లేవు. ఈ సోమవారం నుంచి మాత్రం రోమన్‌కి ఎక్కడలేని మాటలూ పుట్టుకొస్తున్నాయి.

సోమవారం ఏమైందో ఈపాటికి హోమ్స్ కౌంటీ అంతా తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆట్లీకి రాత్రిళ్ళు ఊపిరి అందిస్తున్న పాత యంత్రం కొన్నాళ్ళుగా మొరాయిస్తోంది. మిల్లర్స్‌బర్గ్ దుకాణంవాళ్ళు వారం వాడి చూడమని కొత్తది ఇచ్చారు. దాని అద్దంలో ఓ మూల చిన్నచిన్న గీతలు వెలగడం చూసింది కూతురు లొవీనా. ఇవేంటని ఫోను చేసి అడిగితే, 'లోపల ఫోనుంది, మీ నాన్నగారు ఎలా నిద్రపోయారో అదే మాకు చెప్పేస్తుంది' అన్నారు. ఆట్లీ యంత్రాన్నీ బ్యాటరీనీ బండిలో పెట్టుకుని ఇక్కడికి నడిచొచ్చేశాడు. ఫోను ఉండాల్సిన చోట ఫోను ఉంటుంది, తనూ దాంతోనే ఉంటాడు. ఆయన లెక్క అది.

"నా ఫోను పీకించిన రోజున ఏమన్నావు బావా?" రోమన్ తలుపు చెక్కకి జారబడ్డాడు. "'ఇవాళ షాపులో ఉంటుంది, రేపు జేబులోకి వస్తుంది, ఎల్లుండి పడగ్గదిలోకి వస్తుంది' అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"మరి ముక్కుమీదికి వస్తుందని చెప్పలేదే?"

ఆట్లీ దాన్ని నిజం ప్రశ్నగానే తీసుకున్నాడు. అబద్ధం ఆడటం చేతకాని మనుషులతో వేళాకోళం కూడా కష్టమే.

"చెప్పలేదు. నాకూ తెలీదు" అన్నాడు.

లేచి నిలబడబోయి తూలాడు. రోమన్ చెయ్యి చప్పున ముందుకొచ్చింది గాని, అంతలోనే తమాయించుకుని ఆ చేత్తో టోపీ సర్దుకున్నాడు. ఓర్ఫా భర్త మోచెయ్యి పట్టుకుంది.

"వెళ్ళొస్తాం రోమన్. నీ బందుల కోసం ఫోను చేసుకో" అంది. "చేసుకున్నాక ఆ పళ్ళెం ఇంటి దగ్గర ఇచ్చిపో. అందులోవి తిన్నావంటే ఊరుకోను."

వాళ్ళు నాలుగడుగులు వెయ్యకముందే రోమన్ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

*

వంటింట్లో లొవీనా మొక్కజొన్న ముద్ద ముక్కల్ని పెనం మీద వేయిస్తోంది. తండ్రి మొహం చూసి రెండు ముక్కలు ఎక్కువ వడ్డించింది. ఆట్లీ తల వంచుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మౌనంగా చేసుకునే ప్రార్థన అది. మామూలుకన్నా బాగా ఎక్కువసేపు సాగింది.

"అమ్మా, నాన్న ప్రార్థనలో ఉన్నాడంటావా?" అంది లొవీనా గుసగుసగా.

ఓర్ఫా బల్లమీద చెంచాతో గట్టిగా కొట్టింది. ఆట్లీ ఉలిక్కిపడి తలెత్తి, "ఆమెన్" అన్నాడు.

లొవీనా నవ్వు ఆపుకోలేక పెనం వైపు తిరిగింది. ఓర్ఫాకి నవ్వు రాలేదు.

"ఇది ఇవాళ తేలిపోవాలి" అంది.

"ఏది?"

"ఏ యంత్రమో. కొత్తదో, పాతదో, నల్లదో, తెల్లదో. రాత్రికి నా పక్కన పడుకుని నువ్వు ఊపిరి పీల్చాలి. పది గంటలకి అద్దె వ్యాను పిలిచాను. మిల్లర్స్‌బర్గ్ వెళ్తున్నాం."

"ఆదివారం కౌన్సిలు ఉంది ఓర్ఫా."

"ఉంటే?"

ఉంటే ఏమిటో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఏడాదికి రెండుసార్లు సంఘం అంతా కూర్చుంటుంది. ఒక్కొక్కరినీ పేరుపేరునా అడుగుతారు: కట్టుబాట్లతో నీకు సమ్మతమేనా, అందరితోనూ నీకు సమాధానమేనా, ఎవరిమీదా కినుక లేదుగా? అందరూ ఔనంటేనే రెండు వారాల తర్వాత ప్రభువు బల్ల, అంటే అందరూ కలిసి రొట్టె పంచుకునే ఆరాధన. ఆ ప్రశ్న పట్టుకుని వరసలో నడిచేవాడు డీకను. ఇంట్లో, మంచం పక్కన, ఫోను పెట్టుకుని అవతలివాణ్ణి ఏ మొహంతో అడుగుతాడు?

"ఆ డబ్బాలో మంచు కురిసేదాకా పడుకుంటావా?" అంది ఓర్ఫా. "అక్కడ నువ్వు ఎలా ఉన్నావో నీకు తెలుసు. ఇక్కడ నేను ఎలా ఉన్నానో తెలుసా? నీ యంత్రం చప్పుడు లేదు, గురక లేదు, ఏమీ లేదు. నువ్వు ఉన్నావో పోయావో తెల్లారి తలుపు తీస్తేగాని తెలీదు. పదిహేను రోజుల కింద బగ్గీలో పగ్గాలు పట్టుకుని నిద్రపోయావు. గుర్రం దానంతటది పక్కింటివాళ్ళ ఓట్స్ గాదె దగ్గరికి లాక్కెళ్ళింది కాబట్టి సరిపోయింది. లారీ కిందికి లాక్కెళ్తే?"

"దానికి ఓట్స్ అంటే ఇష్టం" అన్నాడు ఆట్లీ.

"ఆట్లీ!"

ఆట్లీ చెంచా కింద పెట్టాడు. "సరే. పదింటికి వెళ్దాం."

"వెళ్ళేది వెళ్తున్నారు, తొందరగా వచ్చెయ్యండి" అంది లొవీనా. "మధ్యాహ్నం రోమన్ మావయ్య షాపుకి బిషప్ ఏడెన్ వస్తాడట. ఆదివారం మావయ్య ఔనంటాడో కాదంటాడో ముందే కనుక్కోడానికి. ఏప్రిల్ సంగతి మావయ్య ఇంకా మర్చిపోలేదని అందరూ అనుకుంటున్నారు."

ఆట్లీ ముద్ద ముక్కకి టొమాటో పులుసు రాసుకుంటూ, రాసుకుంటూ, అలాగే కునుకు తీశాడు.

*

దుకాణంలో డార్లీన్ మూడు యంత్రాలు తెచ్చి బల్లమీద వరసగా పెట్టింది. డార్లీన్ ఇంగ్లీషు మనిషి. సంఘం బయటివాళ్ళందరినీ ఇక్కడ అలాగే అంటారు. మంచి ఓపికస్తురాలు. తొమ్మిదేళ్ళ కింద ఆట్లీకి మొదటి ముసుగు తగిలించింది కూడా ఆవిడే.

"నోరూ ముక్కూ కప్పేది మీ గడ్డానికి నిలవదు, గాలంతా పోతుంది. మీరు మీసం తీసేస్తారు కాబట్టి ముక్కుది చక్కగా అతుక్కుంటుంది. ముసుగు పాతదే ఉంచుదాం. యంత్రం సంగతి చూడండి" అంది.

ముందు చిన్నది చూపించింది. అరచేతిలో ఇమిడిపోయింది. "దీని లోపల ఫోను లేదు."

ఓర్ఫా మొహం వెలిగిపోయింది. "ఇదే ఇచ్చెయ్యమ్మా."

"కాకపోతే దీన్ని నడపడానికి మీ దగ్గర అద్దం ఫోను ఉండాలి. అందులోంచే దీనికి చెప్పాలి, ఎంత ఊదాలో ఎప్పుడు ఊదాలో."

"అంటే దీని కడుపులో ఫోను లేదు గాని, దీనికి తోడుగా ఇంకో ఫోను పెంచాలంటావు?"

"అంతే."

"తీసి అవతల పెట్టు తల్లీ" అంది ఓర్ఫా.

రెండోది పాత సరుకు. మూలన ఒక్కటే మిగిలింది. ఫోను లేదు, లోపల నిద్ర లెక్కలు దాచుకునే చిన్న బిళ్ళ, అంతే. పాతదానికి తోబుట్టువులా ఉంది. ఆట్లీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం ఓర్ఫా చూసింది.

డార్లీన్ తల అడ్డంగా ఊపింది. "నేనిది మీకు అమ్మకూడదు రేబర్ గారూ. మీ జబ్బు తొమ్మిదేళ్ళ కిందటిలా లేదు. ఊపిరి లోపలికి తీసేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఊదాలని ఈసారి డాక్టరు రాశారు. ఇది ఎప్పుడూ ఒకేలా ఊదుతుంది. మిమ్మల్ని పడుకోబెడుతుందేగాని కాపాడదు."

ఆట్లీ దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

ఇక మిగిలింది మూడోది. ఆయన మూడు రాత్రులు డబ్బాలో ఒళ్ళో పెట్టుకు కూర్చున్నదే.

"డాక్టరు రాసింది ఇదే" అంది డార్లీన్. "ఫోను భాగాన్ని ఊడదీస్తే యంత్రం పనిచెయ్యదు. కాని దాని నోరు కట్టెయ్యచ్చు. ఇదిగో, ఈ విమానం బొమ్మ నొక్కితే చాలు. బయటికి ఒక్క కబురు పోదు."

"విమానమా?" ఓర్ఫా బొమ్మ వంక అనుమానంగా చూసింది. "మేము రైలూ బస్సూ తప్ప ఎక్కం. ఫోను వద్దంటే విమానం ఎక్కమంటావేంటమ్మా?"

డార్లీన్ నవ్వింది. ఓర్ఫా కూడా నవ్వింది. దారి దొరికింది కదా అని ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అప్పుడే కొత్త గొట్టాన్ని సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆట్లీ మాత్రం బొమ్మ నొక్కలేదు. "ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచండి" అని, భార్యతో తమ భాషలోకి దిగాడు.

"ఏప్రిల్లో రోమన్ నన్నేం అడిగాడో గుర్తుందా?"

ఓర్ఫా చేతులు ఆగిపోయాయి.

"'తీగ పీకేస్తాను బావా, తుడిచి అల్మరాలో పెట్టుకుంటాను, పలక్కుండా పడుంటుంది' అన్నాడు. నేనేమన్నాను? నోరు కట్టేసినా ఫోను ఫోనే అన్నాను. అందరి ముందూ అన్నాను."

"వాడడిగింది బేరాల కోసం. నువ్వడుగుతున్నది ఊపిరి కోసం. రెండూ ఒకటేనా?"

"కాదని నాకూ తెలుసు."

"మరి?"

"ఆ తేడా చెప్పాల్సింది నేను కాదు ఓర్ఫా. నాకు లాభం కాబట్టి నాకు తేడా బాగా కనిపిస్తుంది. చెప్పాల్సింది వాడు."

డార్లీన్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. భాష తెలియకపోయినా మొగుడూ పెళ్ళాల మధ్య ఇలాంటి తగువు ఆవిడకి బాగా అలవాటే. పక్కకి వెళ్ళి కాగితాలు సర్దుకుంది.

ఓర్ఫాకి అరవాలనిపించింది. ఈ మనిషి మంచితనాన్ని పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది. ఇంకోపక్క, నలభై ఏళ్ళ కింద ఈయన్నెందుకు చేసుకుందో అదీ గుర్తొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో కళ్ళు తుడుచుకుని సంచి భుజాన వేసుకుంది.

"పద అయితే. వాడి దగ్గరికే పద. వాడు కాదన్నాడా, వాడి గడ్డం పట్టుకు లాగుతాను" అంది.

*

రోమన్ షాపులో చిత్రిక పట్టిన చెక్క వాసన గుప్పుమంటోంది. వాళ్ళు లోపలికి రాగానే రోమన్ చేతిలో చిత్రిక ఆపి, యంత్రం వంక చూశాడు.

"ఏంటి బావా, నా ఫోను నాకు తిరిగిచ్చేద్దామని తెచ్చావా?"

"ఒక రకంగా అంతే" అన్నాడు ఆట్లీ.

రోమన్ నవ్వు మొహంలోనే నిలిచిపోయింది.

ఆట్లీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఈ షాపులో ఆయన టోపీ తియ్యడం రోమన్ ఎప్పుడూ చూడలేదు. "ఏప్రిల్లో నువ్వడిగినదాన్నే ఇవాళ నేను నిన్ను అడగడానికి వచ్చాను. దీని నోరు కట్టేసి ఇంట్లో పెట్టుకోవచ్చట. నీకు వద్దన్నది నాకు ఎలా కుదురుతుంది? నువ్వు కుదరదంటే తిరిగిచ్చేస్తాను. కుదురుతుందంటే, ఏప్రిల్లో నీ మీద మరీ కఠినంగా ఉన్నానన్నమాట, ఆ సంగతి బిషప్‌కి నేనే చెప్తాను. ఏదో ఒకటి చెప్పు."

రోమన్ ఇలాంటి రోజు కోసం ఆరు నెలలుగా మాటలు కూడబెట్టుకున్నాడు. వచ్చేసరికి వరస తప్పిపోయాయి.

"కూర్చో" అన్నాడు చివరికి, ఇంకా రంగు వెయ్యని కుర్చీ ఒకటి లాగి. "ఇది నిలబడి వినే మాట కాదు. నేను చెప్పేది చాలా ఉంది."

ఆట్లీ కూర్చున్నాడు. రోమన్ మొదలుపెట్టాడు.

"రోజుకి ఎన్నిసార్లు ఆ డబ్బాకి పరిగెడుతున్నానో తెలుసా? నేను వెళ్ళేసరికి అవతలివాడు ఉండడు. నేను తిరిగొచ్చేసరికి వాడు చేస్తాడు. జూన్‌లో వూస్టర్ వాళ్ళ వంటగది పని మొత్తం పోయింది. పోతే పోయింది, దానికి కాదు బావా నా బాధ. నాతో ఒక్కసారి ముందు చెప్పలేదు నువ్వు. ఆదివారం మా ఇంట్లో కోడి నూడుల్స్ రెండుసార్లు వడ్డించుకు తిన్నావు. సోమవారం పొద్దున్నే డీకనువై వచ్చావు. భోజనం దగ్గరే 'రోమన్, రేపు నీ దగ్గరికి రావాల్సి ఉంది' అనుంటే ఏం పోయేది? చెప్పు, ఏం పోయేది?"

జవాబు రాలేదు.

"నిన్నే అడుగుతున్నా!"

ఆట్లీ గడ్డం గుండెమీదికి వాలిపోయి ఉంది. గుర్రుమని గురక వినిపించింది.

"చూశావా అక్కా! ఆరు నెలలు దాచుకుని చెప్తుంటే నిద్రపోయాడు!"

"రాత్రి రెండింటి నుంచీ మేలుకునే ఉన్నాడ్రా."

"మోటారు బాగానే ఉందిగా, మళ్ళీ కొత్త యంత్రం ఎందుకో!" రోమన్ ఆ గురకని వెక్కిరిస్తూ తనూ ఒకసారి గురక పెట్టాడు.

అంతలో గురక ఆగిపోయింది.

"హమ్మయ్య" అన్నాడు రోమన్.

ఓర్ఫా చెయ్యెత్తి ఊరుకోమంది. "చూడు."

"ఏం చూడను?"

"ఊపిరి చూడు."

రోమన్ చూశాడు. ఆట్లీ చొక్కా కదలడం లేదు. పెదాలు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి గాని వాటి మధ్యనుంచి ఏమీ రావడం లేదు, ఏమీ పోవడం లేదు. గోడ గడియారం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. రోమన్ చేతిలోని చిత్రిక బల్లమీద పెట్టేశాడు. చొక్కా ఇంకా కదలలేదు.

"అక్కా."

"చూస్తూనే ఉండు."

"అక్కా, లేపు!"

అప్పుడు ఆట్లీ ఒళ్ళంతా ఒక్కసారి కుదిపినట్టయింది. నీళ్ళలోంచి పైకొచ్చినవాడిలా పెద్దగా గాలి లాక్కున్నాడు. కళ్ళు తెరవలేదు. మళ్ళీ గురక మొదలైంది.

రోమన్ కుర్చీకి దగ్గరగా వచ్చాడు. "ఇది... ఇలా ఎన్నిసార్లు?"

"గంటకి నలభై అన్నాడు డాక్టరు. నేను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"యంత్రం పెట్టుకుంటాడని నీకు తెలుసుగా."

"గురకకేమో అనుకున్నాను" అన్నాడు రోమన్. "నీ నిద్ర పాడవకుండా పెట్టుకుంటాడేమో అనుకున్నాను అక్కా. దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు."

ఒట్లు పెట్టడం ఆ సంఘంలో నిషేధం. ఆ సంగతి అక్కకీ తమ్ముడికీ ఇద్దరికీ గుర్తు రాలేదు.

గురక మళ్ళీ ఆగింది.

"పెట్టు" అన్నాడు రోమన్. "అది పెట్టు ముక్కుకి."

"ఇక్కడా? నీ షాపులోనా? ఇది ఇంకా మాట్లాడుతూనే ఉందిరా, దీని నోరు ఈయన కట్టనివ్వలేదు. బిషప్ ఏ క్షణంలోనైనా వస్తాడు."

"పెట్టమంటున్నానా!"

డ్రిల్లు మిషన్లకి పెట్టిన పెద్ద బ్యాటరీ దగ్గరికి రోమన్ తనే యంత్రాన్ని మోసుకెళ్ళి తగిలించాడు. ఓర్ఫా పట్టీలు సర్దింది. ఆట్లీ సగం నిద్రలో చెయ్యెత్తి ముసుగు తీసెయ్యబోయాడు. "ఇక్కడ కాదు, రోమన్ షాపులో కాదు" అని ఏదో గొణిగాడు. రోమన్ మోకాళ్ళమీద కూర్చుని ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు.

"పడుకో బావా. నేనున్నాను. పడుకో."

గాలి సన్నగా ఊదడం మొదలైంది. అద్దం మూలన నాలుగు గీతలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. ఆట్లీ ఛాతీ పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. రోమన్ చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడో పదేళ్ళ వయసులో అక్క పెళ్ళిరోజున ఏడ్చినవాడు, మళ్ళీ ఇన్నేళ్ళకి అక్క ముందు ముక్కు చీదాడు.

బయట గుర్రం గిట్టల చప్పుడు ఆగింది.

బిషప్ ఏడెన్ కున్స్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు. తొందరపడే మనిషి కాదు. గుమ్మంలో నిలబడి చెప్పుల మట్టి దులుపుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటే చూశాడు. కుర్చీలో నిద్రపోతున్న డీకనుని చూశాడు. ముక్కుమీంచి వేలాడుతున్న గొట్టాన్ని, గొట్టం చివర యంత్రాన్ని, యంత్రం మీద వెలుగుతున్న గీతల్ని చూశాడు. ఆ గీతల సంగతి ఆయనకి సోమవారమే తెలిసింది. చివరికి నేలమీద కూర్చున్న రోమన్‌ని చూశాడు.

"రోమన్, ఈ షాపులో ఫోను ఉందా?" అన్నాడు.

ఓర్ఫా గబుక్కున నోరు తెరిచింది. రోమన్ ఆవిడకన్నా ముందే లేచి, కుర్చీకీ బిషప్‌కీ మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"ఉంది. నేనే పెట్టాను. ఆయన వద్దన్నాడు, నేనే బలవంతాన పెట్టాను. ఆయన లేచేదాకా తియ్యను."

"ఆదివారం నిన్ను అడిగితే?"

"ఇదే చెప్తాను."

బిషప్ గడ్డం నిమురుకున్నాడు. యంత్రం ఒక్కటే ఊదుతోంది.

"పద్ధతి ప్రకారం ఇలాంటప్పుడు నీ దగ్గరికి డీకనుని పంపించాలి నేను" అన్నాడు.

"పంపించండి."

"ఎలా పంపను? నిద్రపోతున్నాడు కదా!"

రోమన్ నవ్వాలో వద్దో తెలియక అక్క వైపు చూశాడు. ఓర్ఫా బిషప్ మొహమే చూస్తోంది. ఆ మొహంలో మాత్రం ఏమీ తెలియడం లేదు.

"ఎంతసేపు పడుకుంటాడమ్మా?" అన్నాడు బిషప్.

"మూడు రాత్రుల నిద్ర బాకీ ఉందండీ ఆయనకి."

బిషప్ టోపీ తీసి బల్లమీద, ఏప్రిల్ దాకా టెలిఫోను ఉన్న చోట పెట్టాడు. ఇంకో కుర్చీ చప్పుడు కాకుండా లాక్కుని ఆట్లీ ఎదురుగా కూర్చున్నాడు.

"పడుకోనివ్వండి" అన్నాడు గొంతు తగ్గించి. "ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది."